కన్జర్వేటివ్ ఫెలోషిప్ వచ్చిందట, సంబరపడాలా? - మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో పాలసీ ఉద్యోగాల గురించి పోయిన నెల రాసిన దగ్గర్నుంచి కన్జర్వేటివ్ సంస్థలు, అంటే రిపబ్లికన్ పార్టీ వైపు మొగ్గే సంప్రదాయవాద సంస్థలు, ఇచ్చే లీడర్‌షిప్ ఫెలోషిప్‌ల మీద ఒకటే ఉత్తరాలు. కొన్ని అమ్మానాన్నల నుంచి, కొన్ని అప్లై చేసిన పిల్లల నుంచి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: మా అబ్బాయి వర్జీనియాలో పబ్లిక్ పాలసీ చదివి, వాషింగ్టన్‌లో ఓ చిన్న పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాడు. కన్జర్వేటివ్ వాళ్ల లీడర్‌షిప్ ఫెలోషిప్‌కి ఎంపికయ్యానని సంబరంగా ఫోన్ చేశాడు. తీరా అడిగితే వారం రోజులేనట. ఉద్యోగం కాదు, డిగ్రీ కాదు. ఇందులో సంబరం ఏముంది? పార్టీలో చేరినట్టా? - ఓ తండ్రి, గుంటూరు

జవాబు: పార్టీలో చేరినట్టు కాదండీ, ముందు ఆ టెన్షన్ తీసేయండి. ఇవి నడిపేవి చాలావరకు పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు. ఫలానా అభ్యర్థికి ఓటేయండని చెప్పే హక్కు చట్టం ప్రకారం వాటికి లేదు. అలాగని రాజకీయంతో సంబంధం లేదని చెబితే అది అబద్ధం. సంబంధం ఉంది, కాకపోతే ఎన్నికల రోజుతో కాదు, ఎన్నిక గెలిచిన మర్నాటితో.

అమెరికాలో కొత్త అధ్యక్షుడు వస్తే దాదాపు 4,000 పదవులకు తన మనుషుల్ని వేసుకోవచ్చు. వాటిలో 1,200 పైచిలుకు సెనేట్ ఆమోదం కావాల్సినవి. మన దగ్గర ప్రభుత్వం మారినా సెక్రటేరియట్‌లో ఐఏఎస్‌లు సీట్లు మారతారు తప్ప మనుషులు వాళ్లే ఉంటారు కదా, అక్కడ పై వరసల్లో మనుషులే మారిపోతారు. అంతమందిని రాత్రికి రాత్రి ఎక్కణ్ణుంచి తేవాలి? కన్జర్వేటివ్‌లు ఈ సమస్యని 1970లలోనే పట్టుకున్నారు. 1973లో హెరిటేజ్ ఫౌండేషన్ అనే మేధో సంస్థ పెట్టారు. 1979లో మోర్టన్ బ్లాక్‌వెల్ లీడర్‌షిప్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టాడు, అదే ఏడాది కాలిఫోర్నియాలో క్లేర్‌మాంట్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. రిపబ్లికన్ అధ్యక్షుడు రేగన్ పదవిలోకి వస్తుండగా 1981లో హెరిటేజ్ వాళ్లు వెయ్యి పేజీలు దాటిన విధానాల పుస్తకం తయారుచేసి చేతికిచ్చారు. అయితే పుస్తకం ఉంటే సరిపోదని, దాన్ని అమలు చేసే మనిషి ఆ కుర్చీలో లేకపోతే అది అల్మారాలోనే ఉంటుందని వాళ్లకి త్వరగానే అర్థమైంది. 'మనుషుల్ని వేయడమే విధానం' అని ఆ వర్గంలో అప్పటినుంచీ తిరిగే మాట ఒకటుంది. తర్వాతి కన్జర్వేటివ్ అధ్యక్షుడి కోసమని హెరిటేజ్ వాళ్లు తయారుచేయించి, 2023లో బయటపెట్టిన ప్రాజెక్ట్ 2025 గురించి మీరూ వినే ఉంటారు. అందరూ ఆ 900 పేజీల పుస్తకం గురించే కొట్టుకున్నారు గానీ, దానితోపాటే ఉద్యోగాలకి పనికొచ్చేవాళ్ల డేటాబేస్, వాళ్లకి శిక్షణ ఇచ్చే అకాడమీ కూడా ఉన్నాయి. నన్నడిగితే పుస్తకం కన్నా ఆ రెండే ముఖ్యం.

మీవాడి ఫెలోషిప్ ఈ పెద్ద యంత్రాంగంలో ఓ చిన్న భాగం. క్లేర్‌మాంట్ వాళ్ల లింకన్ ఫెలోషిప్ సుమారు వారమే: రాజకీయాల్లో, లాయర్లుగా, మీడియాలో ఇప్పటికే కుదురుకున్నవాళ్లని కూర్చోబెట్టి అమెరికా రాజ్యాంగ నిర్మాతల రచనలు, లింకన్ ప్రసంగాలు చదివిస్తారు, వాదించుకోమంటారు. నేషనల్ రివ్యూ ఇన్‌స్టిట్యూట్ వాళ్లది ఇంకో పద్ధతి, ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాలు భోజనాల దగ్గర చర్చలు. అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్‌కి కూడా మధ్యస్థాయి ఉద్యోగుల కోసం ఒక నెట్‌వర్క్ ఉంది. వారంలో ఏం నేర్చుకుంటాడు అంటే, నిజం చెప్పాలంటే పుస్తకాలు ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చు. పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు మాత్రం ఇంట్లో దొరకరు. నాలుగేళ్ల తర్వాత వాళ్లలో ఒకరు ఏదో శాఖలో డిప్యూటీ అయితే, ఫోన్ వచ్చేది మీవాడికే. సంబరపడండి, స్వీట్లు పంచడానికి మాత్రం కొంచెం ఆగండి.

ప్రశ్న: నేను టెక్సస్‌లో పుట్టి పెరిగాను, రాష్ట్ర స్థాయి పాలసీ సంస్థలో ఐదేళ్లుగా అనలిస్ట్‌ని. మంచి యూనివర్సిటీ, మంచి మార్కులు. కన్జర్వేటివ్ ఫెలోషిప్‌కి అప్లై చేస్తే రాలేదు. నా కళ్లముందే మామూలు కాలేజీలో చదివిన మా సహోద్యోగికి వచ్చింది. అసలు ఏం చూస్తారు? - ఓ పాఠకురాలు, డాలస్

జవాబు: అమ్మాయ్, మనం పెరిగిన ఇళ్లలో ర్యాంకు వస్తే సీటు వస్తుంది. అమెరికాలో పుట్టినా ఆ లెక్క ఇంట్లోంచి అంటుకుంటుంది. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. ఇవి చదువుకి ఇచ్చే బహుమతులు కావు. 'ఈ మనిషి పదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటుంది, అక్కడికి చేరితే మన ఆలోచనలకి ఏమైనా ఒరుగుతుందా' అని బేరీజు వేసుకుని ఇచ్చేవి. అందుకే మార్కుల జాబితా దగ్గర వాళ్ల కన్ను ఆగదు. ఇప్పటిదాకా చేసిన పని, వ్యాసం, సిఫారసు లేఖలు, కొన్నిచోట్ల ఇంటర్వ్యూ, వీటి మీదే నడుస్తుంది.

వ్యాసం దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. 'నాకు పరిమిత ప్రభుత్వం మీద, వ్యక్తి స్వేచ్ఛ మీద నమ్మకం ఉంది' అని మొదలుపెడితే, ఆ రోజు వాళ్లు చదివే అన్ని అప్లికేషన్లలోనూ అదే వాక్యం ఉంటుంది. మీ టెక్సస్‌లోనే ఒక కేసు చూడండి. దారంతో కనుబొమలు తీర్చే పని ఉంది కదా, త్రెడింగ్, దానికి కూడా అక్కడ 750 గంటల కాస్మటాలజీ శిక్షణ పూర్తిచేసి లైసెన్స్ తీసుకోవాల్సి వచ్చేది. ఆ శిక్షణలో చాలా భాగానికీ త్రెడింగ్‌కీ సంబంధమే లేదు. త్రెడింగ్ చేసుకునేవాళ్లు, వాళ్లలో మన ఉపఖండం వాళ్లూ ఉన్నారు, ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్ లాయర్ల సాయంతో కోర్టుకెళ్లారు. 2015లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. పటేల్ కేసు అంటారు దాన్ని. మీరు ఇలాంటి ఒక లైసెన్స్ నిబంధన మీద గణాంకాలు తీసి, శాసనసభ కమిటీ ముందు చెప్పి, ఒక చిన్న సవరణ చేయించి ఉంటే, అదొక్కటే రాయండి. ఎవరు ఒప్పుకోలేదు, ఎలా ఒప్పించారు, ఎక్కడ ఓడిపోయారు, అన్నీ. మీ సహోద్యోగి అలాంటిదేదో రాసి ఉంటారని నా అనుమానం.

ఇంకోటి, ఎంపిక చేసేవాళ్లు ఒక్కొక్కరినీ విడిగా చూడరు, ఒక బ్యాచ్‌ని కూర్చుకుంటారు. కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కొందరు, లాయర్లు కొందరు, ఒకరిద్దరు జర్నలిస్టులు, రాష్ట్రాల నుంచి కొందరు. స్టేట్ పాలసీ నెట్‌వర్క్ కింద 50 రాష్ట్రాల్లోనూ మేధో సంస్థలు ఉన్నాయి కాబట్టి మీలాంటి రాష్ట్ర స్థాయి అనలిస్టుల కోటా దగ్గరే పోటీ బాగా ఎక్కువ ఉంటుంది. ఆ ఏడాది టెక్సస్ నుంచి ఒకరు చాలనుకుంటే మీ తప్పేమీ లేకుండానే ఆగిపోతారు.

పరిచయాలు పనిచేస్తాయా అని మీరు అడగలేదు గానీ, మొహమాటం లేకుండా చెబుతాను: పనిచేస్తాయి. పాత ఫెలోలు 'ఈమెని చూడండి' అంటే ఆ అప్లికేషన్ పైకి వస్తుంది. అన్యాయమే. మీ ఊళ్లో ఉన్న పాత ఫెలో ఎవరో కనుక్కుని కాఫీకి పిలవండి.

ప్రశ్న: మనసులో నేను లిబరల్‌నే. కానీ అటువైపు పోటీ ఎక్కువ, ఇటువైపు అవకాశాలు ఎక్కువ అంటున్నారు. కన్జర్వేటివ్‌లా రాసి అప్లై చేస్తే తప్పా? - పేరు వద్దు, న్యూజెర్సీ

జవాబు: తప్పొప్పుల సంగతి మీ మనస్సాక్షికి వదిలేస్తాను, పనికి రాదు అని మాత్రం గట్టిగా చెబుతాను. వారం రోజులు పొద్దున్నించి రాత్రి దాకా వాళ్లతోనే తిని, వాళ్లతోనే వాదించాలి. రెండో రోజుకే దొరికిపోతారు.

పైగా ఏ కన్జర్వేటివ్‌లా నటిస్తారు? బయటినుంచి చూసేవాళ్లకి అంతా ఒకటే గానీ లోపల ఇంటిపోరు గట్టిగానే ఉంది. 1977లో మొదలైన కాటో ఇన్‌స్టిట్యూట్ వాళ్లు స్వేచ్ఛావాదులు, అసలు తమని కన్జర్వేటివ్‌లనే ఒప్పుకోరు. స్వేచ్ఛా వాణిజ్యం, వలసలు రెండూ మంచివే అంటారు. 2020లో ఓరెన్ కాస్ పెట్టిన అమెరికన్ కంపాస్ దానికి నేరుగా ఎదురు, సుంకాలు ఉండాలి, కార్మికుడి వైపు చూడాలి అంటుంది. 2019 నుంచి జాతీయ కన్జర్వేటివ్‌లని ఇంకో ధోరణి సభలు పెట్టుకుంటోంది. రేగన్‌ని పొగుడుతూ ఒకచోట రాసిన వ్యాసం ఇంకోచోట ఎదురు తంతుంది. నిజంగా కన్జర్వేటివ్ అయినవాళ్లే అప్లై చేసే ముందు ఆ సంస్థ రాతలు ఓ నెల కూర్చుని చదవాలి.

మీలాంటివాళ్లకి వేరే దారి ఉంది. ప్రెసిడెన్షియల్ లీడర్‌షిప్ స్కాలర్స్ అని, ఇద్దరు బుష్‌లు, క్లింటన్, లిండన్ జాన్సన్, ఈ నలుగురు అధ్యక్షుల కేంద్రాలు కలిసి నడుపుతాయి. 2015లో మొదటి బ్యాచ్. ఏడాదికి 60 మంది దాకా తీసుకుంటారు, రెండు పార్టీలవాళ్లూ ఉంటారు. సిటిజన్ అయితే వైట్‌హౌస్ ఫెలోస్ కూడా చూడండి. 1964లో జాన్సన్ మొదలుపెట్టింది, రిపబ్లికన్ ప్రభుత్వాలూ కొనసాగించాయి, తర్వాత విదేశాంగ మంత్రి అయిన కోలిన్ పావెల్ అక్కడినుంచి వచ్చినవాడే.

ప్రశ్న: ఎఫ్-1 వీసా మీద ఉన్నాను. అప్లై చేయొచ్చా? - ఓ విద్యార్థి, వర్జీనియా

జవాబు: చేయొచ్చా లేదా అన్నది ఫెలోషిప్ నియమాల్లో చూడండి. కొన్ని సిటిజన్లకే. తీసుకున్నా, స్టైపెండ్ ఇస్తున్నారంటే అది ఉద్యోగం కింద వస్తుందేమో అన్న ప్రశ్న ఉంటుంది. మీ కాలేజీలో వీసా వ్యవహారాలు చూసే అధికారిని అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే ఒప్పుకోండి. ఫ్రెండ్ చెప్పాడని, వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారని మాత్రం వెళ్లొద్దు.

ప్రశ్న: మా అమ్మాయి అప్లై చేస్తానంటోంది. ఒకసారి కన్జర్వేటివ్ అన్న ముద్ర పడితే పోదంటారు, నిజమేనా? - ఓ తల్లి, కరీంనగర్

జవాబు: నిజమేనమ్మా. ఎంపికైనవాళ్ల పేర్లు ఫొటోలతో సహా ప్రకటిస్తారు, అవి అలాగే ఉండిపోతాయి. ముద్ర రెండు వైపులా పడుతుంది, అది గమనించాలి. వివేక్ రామస్వామి యేల్‌లో లా చదువుతూ 2011లో పాల్ అండ్ డైసీ సోరోస్ ఫెలోషిప్ తీసుకున్నాడు. వలస వచ్చినవాళ్లకీ, వాళ్ల పిల్లలకీ చదువు కోసం ఇచ్చేది, దానికి పార్టీ రంగు లేదు. కానీ ఆ పాల్ సోరోస్, కన్జర్వేటివ్‌లకి అస్సలు పడని జార్జ్ సోరోస్‌కి అన్న. 2023లో రామస్వామి రిపబ్లికన్ అభ్యర్థిత్వానికి పోటీపడినప్పుడు ఆ వైపు వాళ్లే దాన్ని తవ్వి తీశారు. కేవలం ఇంటిపేరు చూసే అంత గొడవ చేసినప్పుడు, పేరులోనే ధోరణి ఉన్న ఫెలోషిప్‌ని రేపు అటువైపు ఉద్యోగం ఇచ్చేవాళ్లు పట్టించుకోరని అనుకోలేం. మీ అమ్మాయి ఈ రంగంలోనే, ఇటువైపే ఉండాలనుకుంటే అదే ముద్ర పెట్టుబడి. ఇంకా తేల్చుకోలేదంటే ఒక రెండేళ్లు ఆగమనండి, కొంపలేం మునగవు.

ప్రశ్న: ఉషా వాన్స్ కూడా ఇలాంటి ఫెలోషిప్ నుంచే వచ్చారా? - ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆవిడ పేరు లేకుండా ఈమధ్య ఏ ఉత్తరాల కట్టా రావట్లేదు. ఆవిడది కోర్టుల దారి. కేంబ్రిడ్జ్‌లో గేట్స్ స్కాలర్, తర్వాత యేల్ లా, ఆ పైన బ్రెట్ కావనా దగ్గర, చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ దగ్గర లా క్లర్క్. జడ్జిల దగ్గర క్లర్క్‌గా ఎంపిక కావడం వేరే ప్రపంచం, వీలైతే ఇంకోసారి రాస్తాను.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటివి లేవా? - ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉన్నాయి, అంత పాతుకుపోలేదు. స్వేచ్ఛా మార్కెట్ రాజకీయం మన దగ్గరా పుట్టింది. 1959లో స్వతంత్ర పార్టీ పెడితే మొదటి అధ్యక్షుడు మన ఎన్.జి. రంగాగారే. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచారు, 1974లో పార్టీయే లేకుండా పోయింది. రాజాజీ, రంగా, మినూ మసానీ లాంటి పెద్ద తలలకి లోటు లేదు, వెనకాల పాతికేళ్ల కుర్రాళ్లని తయారుచేసే బడి లేదు. అమెరికావాళ్లు చేసిందీ మనవాళ్లు చేయనిదీ అదేనని నా అభిప్రాయం, కాదనేవాళ్లు రాయండి.

తర్వాత కాలంలో బీజేపీ, సంఘ్ ధోరణి వైపు ఆ పని కొంత జరిగింది. ముంబై దగ్గర రాంభావూ మ్హాళ్గీ ప్రబోధిని 1982 నుంచి ఉంది. 2017లో అక్కడే నాయకత్వం, రాజకీయం మీద పీజీ కోర్సు మొదలైంది. ఢిల్లీలో ఇండియా ఫౌండేషన్ వెనక అమలాపురం రామ్ మాధవ్ ఉన్నారు. వివేకానంద ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌ని మొదట నడిపిన అజిత్ దోవల్ 2014లో జాతీయ భద్రతా సలహాదారు అయ్యారు, అక్కడే ఉన్న నృపేంద్ర మిశ్రా ప్రధానికి ప్రిన్సిపల్ సెక్రటరీ అయ్యారు. మేధో సంస్థ నుంచి నేరుగా అధికారంలోకి వెళ్లే అమెరికా పద్ధతి మన దగ్గర అంత స్పష్టంగా కనిపించింది అప్పుడే. ఏ రంగూ వద్దనుకునే కుర్రాళ్లకి, చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ వాళ్ల లాంప్ ఫెలోషిప్ బాగుంటుంది, ఒక ఎంపీ దగ్గర దాదాపు ఏడాది పని.

ప్రశ్న: మా బంధువుల్లో ఒకాయన ఎమ్మెల్యే. ఆయన లెటర్ ఇస్తే అమెరికా ఫెలోషిప్‌కి ఉపయోగమా? - ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: తిరుమల దర్శనానికి ఉపయోగం. ఫెలోషిప్‌కి మాత్రం మీ పని రోజూ చూసిన మేనేజర్ రాసిన పేజీన్నర లెటరే కావాలి, అందులో మీరు చేసిన ఒక పని పేరుపెట్టి ఉండాలి. గడువుకి నెల ముందే అడగండి, మీ వ్యాసం కాపీ కూడా ఆ మేనేజర్‌కి ఇవ్వండి. లేకపోతే ఆఖరి రోజు రాత్రి కూర్చుని 'కష్టపడి పనిచేస్తారు, మంచి మనిషి' అని నాలుగు లైన్లు రాసి పంపేస్తారు.