నీ వ్యాసంలో ఆ నల్లటి వలయం

తమ్ముడూ,

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. "పురాతన శిలల గర్భంలో కొలిమి భగభగ మండుతోంది" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండింది. ఏ కొలిమి? ఒక ఘనమీటరు గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం మూడూ కలిసి రేడియోధార్మికతతో పుట్టించే వేడి సుమారు రెండున్నర మైక్రోవాట్లు, అంటే వాట్‌లో పది లక్షలో వంతుకు రెండున్నర రెట్లు. అదంతా ఒడిసిపట్టి గ్లాసు నీళ్లకు అందించినా, ఒక్క డిగ్రీ పెరగడానికి పదేళ్లు పడుతుంది! అదే వేడి బయటికి పోయే దారిలేక రాయిలోనే ఉండిపోతే మాత్రం పది లక్షల ఏళ్లలో ముప్పై డిగ్రీలు దాటుతుంది. ఇంత నిదానమైన దాన్ని పట్టుకుని భగభగ అంటావేంటి?

పైగా రాయి ఎంత పాతదైతే, ఎంత లోతున ఉడికితే అంత వేడి అన్నావు. గ్రాన్యులైట్లను చూడు, అవి భూమి లోతుల్లో తీవ్రమైన వేడికి రూపు మారిన శిలలు. ఆ లోతుల్లో రాయి కొంత కరిగినప్పుడు యురేనియం, థోరియం తరచూ ఆ ద్రవంతోపాటే పైకి వెళ్లిపోతాయి, మిగిలిన రాయి చాలాసార్లు అర మైక్రోవాట్ కూడా ఇవ్వదు. వయసు సంగతీ అంతే, పొటాషియంలో వేడి పుట్టించే రకమైన పొటాషియం-40 ప్రతి 125 కోట్ల ఏళ్లకు సగమైపోతుంది కాబట్టి 300 కోట్ల ఏళ్ల కిందట అది ఇప్పుడున్నదానికి ఐదు రెట్లు ఉండేది, అంటే రాయి పాతబడేకొద్దీ వేడి తగ్గుతుందే తప్ప పెరగదు.

నా తొలి వ్యాసంలో ఇలాంటి లెక్కలన్నీ ఒక ఎడిటర్ కొట్టేశాడు, అంకెలు కనిపిస్తే పాఠకుడు పేజీ తిప్పేస్తాడట. "అగ్నిగుండం" అని శీర్షిక కూడా తనే పెట్టాడు. ఆ కాపీ ఎవరికీ చూపించలేకపోయాను, ఆరు నెలలు పెన్ను ముట్టలేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. గ్లాసు నీళ్ల లెక్క చెబితే పదోక్లాసు పిల్లలు కూడా కాగితం తీసుకుని చేసి చూస్తారు, నా కళ్లతో చూశాను.

మూడో పేజీలో, మైక్రోస్కోప్ కింద నల్ల అభ్రకంలో జిర్కాన్ అనే ఖనిజపు గింజ, దాని చుట్టూ నల్లటి వలయం కనిపించాయని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. అయ్యో, అసలు వ్యాసం అదే కదా! గింజలో ఉన్న యురేనియం, థోరియం పరమాణువులు విచ్ఛిన్నమవుతూ విసిరే ఆల్ఫా కణాలు అభ్రకంలోకి మహా అయితే మిల్లీమీటరులో పాతికో వంతు దూసుకెళ్లి ఆగిపోతాయి, దారిలో అభ్రకాన్ని నల్లబరుస్తాయి. ఐర్లండ్ శాస్త్రవేత్త జాన్ జోలీ 1907లోనే ఈ గుట్టు విప్పాడు. ఆ కణం ఆగేలోపు దాని వేగమంతా వేడైపోతుంది, నువ్వు రాయాలనుకున్న వేడి అదే.

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. ముందు ఆ గింజ ఎంతుందో, వలయం అంచు ఎక్కడ తెగిందో, మైక్రోస్కోప్‌లో రాయిముక్క పెట్టే పళ్లెం (స్టేజి) తిప్పితే నలుపు ఎలా మారిందో రాసి పంపు.