ఇంటి పనికి రిటైర్మెంట్ ఎప్పుడు?

ప్రశ్న: మాది కర్నూలు. మా ఆయన గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి నిరుడు రిటైరయ్యారు. అప్పట్నుంచి రోజంతా ఇంట్లోనే. పొద్దున లేస్తూనే ఫ్రిజ్ తెరిచి టమోటాలు లెక్కపెడతారు. పప్పుకు ఎన్ని విజిల్స్ రావాలో చెబుతారు. పక్కింటావిడతో మాట్లాడుతుంటే "ఇంకా ఎంతసేపు?" అని లోపల్నుంచి కేకేస్తారు. ఎదురు చెబితే రెండు రోజులు మాటలుండవు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి "సర్దుకుపోమ్మా" అంటుంది. పెళ్లయిన నాటి నుంచి సర్దుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు ఊపిరాడటం లేదు. తప్పు నాదేనా?

జవాబు: మీ తప్పేమీ లేదమ్మా. ఇన్నేళ్లూ ఆయన ఆఫీసుకు వెళ్లాకే మీకు కాస్త తీరిక దొరికేది. నడుం వాల్చినా, సీరియల్ చూసినా, గడప దగ్గర నాలుగు మాటలు చెప్పుకున్నా ఆ వేళలోనే. ఇప్పుడది పోయింది. పైగా పదకొండింటికి ఇంకో కాఫీ కూడా తోడై ఉంటుంది.

మన రాష్ట్రంలో 2014 దాకా 58 ఏళ్లకే రిటైరయ్యేవారు. ఆ ఏడాది అది 60 అయింది, 2022లో 62కు పెరిగింది. ఆయన ఇంటిపట్టున ఉండే వేళకు మీకూ వయసు మీద పడింది. ఈ వయసులో ఎవరో పక్కన నిలబడి తప్పులెంచుతుంటే పని చేయబుద్ధి కాదు, నిజమే.

ఆయన సంగతీ చూడండి. తన సంతకం లేనిదే ఫైలు కదలని కుర్చీలో కూర్చున్న మనిషి. ఒక సాయంత్రం శాలువా కప్పి, దండ వేసి ఇంటికి పంపారు. మర్నాటి నుంచి ఫోన్ మోగదు. ఇన్నాళ్ల తనిఖీ అలవాటంతా మీ టమోటాల మీద పడింది. అలాగని మీరు పడి ఉండాలని నేననను.

"కాస్త సాయం చేయండి" అని అడగొద్దు. అడిగితే పక్కన నిలబడి సలహాలిస్తారు. ఒక పని పూర్తిగా ఆయనకే వదిలేయండి. కూరగాయలే తీసుకోండి. సి క్యాంపు రైతుబజారుకు ఆయనే వెళ్లాలి, ఏం కొనాలో ఆయనే తేల్చుకోవాలి, తెచ్చి ఫ్రిజ్‌లో ఆయనే సర్దాలి. ముదిరిన వంకాయలు తెచ్చినా మీరు నోరెత్తొద్దు. ఆ పూట ఆ వంకాయల కూరే తినండి. ఇది మీకే ఎక్కువ కష్టం, నాకు తెలుసు. వారంలో రెండు రోజులు టిఫిన్ కూడా అప్పగించండి. ఉగ్గానికి బొరుగులు ఎంతసేపు నానాలో, ఎలా పిండాలో ఒక్కసారి చూపించి వంటింట్లోంచి బయటికి వచ్చేయండి. అక్కడే నిలబడితే మీరూ సూపరింటెండెంటే అవుతారు.

గొడవ జరిగిన పూట ఏ మాటా ఎత్తొద్దు. ఆయన కులాసాగా ఉన్నప్పుడు, "వంట చేసేటప్పుడు నన్ను వదిలేయండి. మూడు నుంచి ఐదు దాకా నా టైం, పక్కింటికి పోతానో, గుడికి పోతానో నా ఇష్టం" అని మెల్లగా, సూటిగా చెప్పండి. "మీరెప్పుడూ ఇంతే" అని మాత్రం మొదలుపెట్టొద్దు. మళ్లీ మాట్లాడటం మానేస్తే బతిమాలకండి. అన్నం పెట్టి మీ పని మీరు చూసుకోండి.

మీ అమ్మాయిని మధ్యవర్తిని చేయొద్దు. ఆమె వాళ్ల నాన్నకు వేరేగా ఫోన్ చేసి, బ్యాంకు పనో, ఇంటి లోను సంగతో సలహా అడిగితే అదే పెద్ద మేలు.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. పెన్షన్ పేమెంట్ ఆర్డర్‌లో మీ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? ఆయన తదనంతరం మీకొచ్చే ఫ్యామిలీ పెన్షన్‌కు ఆ కాగితమే ఆధారం. ఇద్దరూ కూర్చుని చూసుకోండి. కాగితాలు తెలిసిన మనిషి, ఈ పని ఇష్టంగానే చేస్తారు.

ఆయన మాటలు మానేయడం రెండు రోజులతో ఆగకుండా వారాల తరబడి సాగి, నిద్ర, ఆకలి తగ్గి, "నేనెందుకూ పనికిరాను" అంటుంటే అది డిప్రెషన్ కావచ్చు. ఆలస్యం చేయొద్దు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన ఒప్పుకోకపోతే ముందు మీరొక్కరే చేయండి. ఊపిరాడటం లేదన్నది మీరే కదా.