పూలు మన టికెట్ తేదీ చూసి పూయవండీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆస్ట్రేలియాలోని పెర్త్ గురించే. పిల్లలు అక్కడ స్థిరపడ్డ అమ్మానాన్నలే ఎక్కువ, అందరూ అడిగేది అడవిపూల గురించే. ఒకే ప్రశ్న నాలుగైదు రకాలుగా వచ్చిన చోట ఒకదాన్నే తీసుకున్నాను.

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మాయి పెర్త్‌లో ఉంటుంది. సెప్టెంబర్ చివర్లో మూడు వారాలకు వెళ్తున్నాం. నేలంతా గులాబీ రంగు పూలు పరిచినట్టున్న ఫొటో వాట్సాప్‌లో చూశాను. ఆ తోట ఎక్కడుంది, టికెట్ ఎంత?

అది తోట కాదమ్మా. ఎవరూ నాటలేదు, నీళ్లు పోయలేదు, చాలాచోట్ల టికెట్ కూడా లేదు. పెర్త్‌కి ఉత్తరాన మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో గోధుమ పొలాల మధ్య మింజెన్యూ, మొరావా, పెరెంజోరి, ముల్లెవా అని చిన్నచిన్న ఊళ్లున్నాయి. ఆ చుట్టుపక్కల రోడ్ల పక్కన, పొదల కింద, ఖాళీ నేలల్లో వాటంతట అవే మొలిచే పూలవి. ఎవర్‌లాస్టింగ్ అంటారు. గులాబీ, తెలుపు, పసుపు రంగుల్లో ఉంటాయి. రేకు పట్టుకుంటే కాగితంలా గరగరలాడుతుంది, మన గునుగు పువ్వు ఎండినా రంగు పోకుండా ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇక అసలు సంగతి. ఈ మొక్కలు ఏడాదికోసారి గింజ నుంచి మొలిచి, పూసి, ఎండిపోయే రకం. మే నుంచి జులై దాకా, అంటే అక్కడి చలికాలంలో, వాన సరిగ్గా పడితేనే ఫొటోలో చూసిన ఆ తివాచీ. వాన ముఖం చాటేసిన ఏడాది అదే చోట ఎర్రమట్టి, నాలుగు పొదలు, అంతే. పెర్త్ ఉన్న వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్రంలో పూలు ఉత్తరాన జూన్‌లోనే మొదలై, ఎండ ముదిరేకొద్దీ దక్షిణానికి జరుగుతూ నవంబర్ దాకా ఉంటాయి. నేను చెప్పిన ఊళ్లకి మంచి కాలం ఆగస్టు, సెప్టెంబర్ మొదటి సగం. మీరు వెళ్లేది సెప్టెంబర్ చివర్లో కాబట్టి తివాచీలు వాడుముఖం పట్టి ఉండొచ్చు. టికెట్లు ఇంకా బుక్ చేయకపోతే రెండు మూడు వారాలు ముందే వెళ్లేలా చూసుకోండి. చేసేసి ఉంటే టెన్షన్ పడకండి, ఆ సమయానికి పెర్త్ దగ్గర్లోనూ, ఇంకా దక్షిణానా బోలెడన్ని వేరే రకాలు పూస్తాయి, ఆ రాష్ట్రంలో పూల మొక్కలు 12,000 రకాలకు పైనే.

వెళ్లే వారంలో అమ్మాయిని ఒక్క పని చేయమనండి. ఆ ఊళ్లలోని విజిటర్ సెంటర్లకు ఫోన్ చేసి 'ఇప్పుడు ఏ రోడ్డులో బాగున్నాయి?' అని అడగమనండి. వాళ్లకు రోజూ అదే పని, విసుక్కోకుండా చెప్తారు. పోయినేడాది వీడియో చూసి లొకేషన్ పెట్టుకుని వెళ్లేవాళ్లే ఎక్కువ నిరాశపడేది.

ఇంకో మాట, ఎవర్‌లాస్టింగ్ పూలు ఎండ ఉంటేనే విచ్చుకుంటాయి. పొద్దున్నే చల్లగా ఉంటుందని ఏడింటికి వెళ్తే ముడుచుకుని కనిపిస్తాయి, మబ్బు పట్టినా అంతే. తాపీగా టిఫిన్ చేసి పది దాటాక వెళ్లండి.

మలక్‌పేట నుంచి: మా అబ్బాయికి మూడు రోజులే సెలవు. పినాకిల్స్, వేవ్ రాక్, కల్బారి, ముల్లెవా పూలు, పింక్ లేక్... అన్నీ కవర్ చేసేలా ప్లాన్ చెప్పండి.

చెప్పను. మ్యాప్‌లో వేళ్లతో కొలిస్తే దగ్గరే అనిపిస్తుంది కానీ పెర్త్ నుంచి వేవ్ రాక్ తూర్పు వైపు 340 కిలోమీటర్లు, లోయలుండే కల్బారి ఉత్తరాన దాదాపు 570. రెండింటినీ మూడు రోజుల్లో ఇరికిస్తే మీకు గుర్తుండేది కారు డ్యాష్‌బోర్డే. వేవ్ రాక్ మంచిదే, పదిహేను మీటర్ల ఎత్తున కెరటం లేచి అలాగే గడ్డకట్టినట్టుండే రాయి, కానీ దాన్ని ఈ ట్రిప్‌లోంచి తీసేయండి.

మూడు రోజులకి నేనైతే ఇలా వేస్తాను. మొదటి రోజు పొద్దున బయల్దేరి న్యూ నార్సియా మీదుగా వెళ్లండి, పెర్త్ నుంచి సుమారు 130 కిలోమీటర్లు, స్పెయిన్ నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసులు 1840లలో కట్టుకున్న మఠం ఊరది, కాఫీకి ఆగడానికి బాగుంటుంది. తర్వాత డాల్‌వాలిను, వూబిన్, పెరెంజోరి దాటి రాత్రికి మొరావా. రెండో రోజు మొరావా నుంచి ముల్లెవా దాకా వంద కిలోమీటర్ల లోపే, కానీ రోజంతా పెట్టుకోండి, ఎందుకంటే ఆ దారిలో ప్రతి అరగంటకీ ఎవరో ఒకరు 'ఆపు ఆపు' అంటూనే ఉంటారు. ముల్లెవాకి తూర్పున ముప్ఫై కిలోమీటర్లలో పిండార్ అని ఒక చిన్న ఊరుంది, ఊరనడానికి పెద్దగా ఏమీ ఉండదు గానీ రీత్ ఫ్లవర్ అనే దండలాంటి పువ్వు కోసం అందరూ పోయేది అక్కడికే. రాత్రికి జెరాల్డ్‌టన్ చేరితే సముద్రం ఒడ్డున పెద్ద ఊరు, బస దొరుకుతుంది. మూడో రోజు తీరం వెంబడి కిందికి వస్తూ సెర్వాంటిస్ దగ్గర పినాకిల్స్, అంటే ఇసుకలో నిలబడ్డ సున్నపురాతి స్తంభాలు, చూసుకుని ఇల్లు చేరొచ్చు.

కల్బారి, పింక్ లేక్ కావాలంటే ఇంకో రెండు రోజులు సెలవు పెట్టమనండి, లేదా పూలు వదిలేయండి. రెండూ కావాలంటే కుదరదు.

చిన్న ఊళ్లలో మోటల్ గదులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి, పూల కాలంలో నెలల ముందే అయిపోతాయి. అవి దొరక్కపోతే రెండు రాత్రులూ జెరాల్డ్‌టన్‌లోనే ఉండి పగలు ముల్లెవా వైపు వెళ్లిరండి, వంద కిలోమీటర్లే. పూలు ఎటు బాగుంటే అటు పోయే వీలు కూడా దీంట్లోనే ఎక్కువ.

సైనిక్‌పురి నుంచి: ఆ రీత్ ఫ్లవర్ నిజంగానే దండలా పూస్తుందా, లేక ఎవరైనా పేర్చి ఫొటో తీస్తారా? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే నడుస్తోంది.

నిజంగానే పూస్తుంది, వాదనలో ఎవరు గెలిచారో మీరే చూసుకోండి. మొక్క నేలకి అతుక్కుని గుండ్రంగా పాకుతుంది. మధ్యలో అంతా సన్నటి పచ్చటి ఆకులు, పూలు మాత్రం కొమ్మల చివర్లలోనే, అంటే ఆ గుండ్రటి అంచు చుట్టూ మాత్రమే వస్తాయి. లేత పసుపు పువ్వు, అంచుల్లో గులాబీ నుంచి ఎరుపు దాకా రంగు. పైనుంచి చూస్తే ఎవరో దండ కట్టి మట్టి మీద పెట్టి మరిచిపోయినట్టే ఉంటుంది.

ఇంకా తమాషా ఏంటంటే ఇది దట్టమైన అడవిలో దొరకదు. నేల కదిపిన చోట, రోడ్డు చదును చేసే గ్రేడర్ యంత్రం గీకిన రోడ్డు పక్క కంకరలో బాగా వస్తుంది. అందుకే కారు పక్కకి తీసేటప్పుడు చూసి తీయాలి, అపురూపమైన పువ్వు కోసం వచ్చి దాని మీదే టైరు ఎక్కించేవాళ్లు ఉంటారు. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా కనిపిస్తుంది కాబట్టి, తివాచీలు అయిపోయాక వెళ్లినవాళ్లకి కూడా ఇది దక్కుతుంది.

వింత పువ్వులంటే ఆసక్తి కదా, ఇదీ వినండి. అదే రాష్ట్రంలో కొరిగిన్ అనే ఊరి దగ్గర 1928లో ఒక రైతుకి తన పొలంలో భూమి లోపలే పూసే ఆర్కిడ్ దొరికింది. ఆకుల్లేవు, ఎండతో పనిలేదు. దాన్ని చూద్దామని మాత్రం ప్లాన్ వేయకండి, చూడాలంటే మట్టి తవ్వాలి, తవ్వనివ్వరు.

వనస్థలిపురం నుంచి: మేం వెళ్లే టైమ్‌కి అక్కడే బతుకమ్మ పండగ వస్తోంది. అన్ని పూలుంటాయంటున్నారు కదా, ఒక బుట్టెడు కోసుకుని బతుకమ్మ పేర్చుకోవచ్చా? గింజలు తెచ్చి మా మేడ మీద వేసుకుందామని కూడా ఉంది.

మీ ఆలోచన ఎంత బాగున్నా, కోయకూడదమ్మా. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ప్రభుత్వ భూముల్లో, రోడ్ల పక్కన అడవిపువ్వు తెంపడం నేరం, లైసెన్స్ ఉన్నవాళ్లకే అనుమతి. కిందపడింది కదా అని ఏరుకోవడం కూడా వద్దు. పొలాల్లోవైతే రైతుని అడగాలి, కంచె దాటి లోపలికి మాత్రం పోకండి. కనుచూపు మేర పసుపుగా కనిపించే పొలాలు కూడా ఉంటాయి, అవి అడవిపూలు కావు, కనోలా పంట, మన ఆవాల చుట్టం. వాటిలో దిగి ఫొటోలు తీసుకుంటే రైతుకి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా.

బతుకమ్మకి పెర్త్ పూల దుకాణాల్లో చామంతులు కొనుక్కోండి, మీ అమ్మాయి వాళ్ల పెరట్లో ఏవైనా పూస్తే అవి కోసుకోండి. తంగేడు లేదని బాధపడకండి, అక్కడ ఉన్న పిల్లలకి పేర్చడం నేర్పితే అదే చాలు. గింజల సంగతికొస్తే, దుకాణంలో ఎవర్‌లాస్టింగ్ గింజల ప్యాకెట్లు అమ్ముతారు గానీ మన దేశంలోకి విత్తనాలు అనుమతి కాగితాల్లేకుండా తేకూడదు. తెచ్చినా మన మేడ మీద ఎండకి ఎన్నాళ్లుంటాయో చెప్పలేం.

తార్నాక నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: పూలు చూడ్డానికి వెయ్యి కిలోమీటర్లు తిరగడమా అని నాకు అనిపిస్తోంది, మా ఆవిడకి మాత్రం ప్రాణం. నాకేముంది అక్కడ? పైగా నాకు మోకాళ్ల నొప్పులు.

మీకూ ఉందండీ, పూలు ఎగ్గొట్టిన ఏడాది కూడా ఉంటుంది. అందుకే కదలని చోట్లు నాలుగైనా ప్లాన్‌లో ఉండాలనేది.

ముల్లెవాలో రాతి చర్చి ఒకటుంది. ఇంగ్లండ్‌లో ఆర్కిటెక్ట్‌గా పనిచేసి తర్వాత ఫాదరైన జాన్ హాస్ 1920లలో దాన్ని చాలావరకు తన చేత్తోనే కట్టుకున్నాడు. రాళ్లు కొట్టాడు, మోశాడు, పేర్చాడు. లోపల కాసేపు కూర్చోండి, గోడ దగ్గరికెళ్లి రాయీ రాయీ కలిసే చోట చూడండి, మీకే తెలుస్తుంది. జెరాల్డ్‌టన్ కథీడ్రల్ గీసిందీ ఆయనే. చివరికి అన్నీ వదిలి బహామాస్‌లో ఒక కొండెక్కి ఏకాంతంగా బతికాడు.

మింజెన్యూ దగ్గర కోల్‌సీమ్ పార్క్‌లో ఇర్విన్ నది ఒడ్డున బొగ్గు పొరలు గోడలా కనిపిస్తాయి. ఆ రాష్ట్రంలో మొట్టమొదట బొగ్గు దొరికింది అక్కడే, 1846లో. సింగరేణి అంత కథేమీ జరగలేదు, నాణ్యత చాల్లేదు. ఒకప్పుడు సముద్రం కాబట్టి రాళ్లలో గవ్వల అచ్చులుంటాయి. మీ ఆవిడ అదే పార్క్‌లో పూలు చూసుకుంటారు, ఇద్దరికీ ఒకే పెట్రోలు.

జెరాల్డ్‌టన్‌లో యుద్ధనౌక సిడ్నీ స్మారకం ఉంది. 1941లో ఆ నౌక మునిగి 645 మంది పోయారు, ఒక్కరూ బతకలేదు. పైన గుమ్మటం అంతా ఉక్కు సముద్రపక్షులే, లెక్కపెడితే 645.

మోకాళ్ల గురించి బెంగ వద్దు. రీత్ ఫ్లవర్ రోడ్డు పక్కనే, తివాచీలు చాలావరకు కారు దిగితే చాలు. ఇంకో రెండు రోజులు ఉండి కల్బారి వెళ్తే 2020లో తెరిచిన స్కైవాక్ ఉంది, లోయ మీదికి వంద మీటర్ల ఎత్తున చొచ్చుకొచ్చే వేదికలు రెండు, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. దారిలో పోర్ట్ గ్రెగరీ దగ్గర గులాబీ రంగు సరస్సు, ఉప్పునీటిలో పెరిగే సూక్ష్మమైన నాచు వల్ల ఆ రంగు. మధ్యాహ్నం ఎండలో చూస్తేనే రంగు, సాయంత్రం వెళ్లి 'ఏముంది ఇందులో' అనకండి.

ఏదీ కుదరకపోతే పెర్త్ నగరం మధ్యలోనే కింగ్స్ పార్క్ ఉంది, 400 హెక్టార్లు. అక్కడి బొటానిక్ గార్డెన్‌లో సెప్టెంబర్‌లో ఆ రాష్ట్రం పూలన్నీ ఒక్కచోట, పేరు పలకలతో సహా. లోపలికి వెళ్లడానికి డబ్బులు కట్టక్కర్లేదు.

మియాపూర్ నుంచి: మన లైసెన్స్‌తో కారు నడపొచ్చా? తిండి సంగతేంటి? ఆవకాయ పట్టుకెళ్లొచ్చా?

విజిటర్‌గా వెళ్తే మన లైసెన్స్ ఇంగ్లీషులో ఉంటే నడపొచ్చు, ఎడమ పక్కే కాబట్టి తికమక ఉండదు. అద్దె కారైతే మట్టిరోడ్డు ఎక్కించొచ్చో లేదో ముందే కాగితం చదవండి, చాలా కంపెనీలు మట్టిరోడ్డు మీద జరిగినదానికి ఇన్సూరెన్స్ ఇవ్వవు, మంచి పూలేమో అటువైపే. చీకటి పడేలోపు బస చేరిపోండి, సంధ్యవేళ కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి. ముందు రోడ్ ట్రెయిన్ ఉంటే, అంటే రెండు మూడు ట్రైలర్లు తగిలించిన లారీ, తొందరపడి ఓవర్‌టేక్ చేయకండి, దాని పొడవు మన అంచనాకి అందదు. ఊరు దాటితే ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

చిన్న ఊళ్లలో శాకాహారమంటే చిప్స్, టోస్ట్, అదృష్టం బాగుంటే వెజ్ బర్గర్. ఒక కుక్కర్, బియ్యం, పప్పు కార్లో పడేసుకోండి, క్యారవాన్ పార్కుల్లో వంటగది ఉంటుంది. ఆవకాయ విషయం, విమానంలో ఇచ్చే కార్డు మీద ఉన్నది ఉన్నట్టు రాయండి, రాస్తే మహా అయితే డబ్బా పోతుంది, దాస్తే జరిమానా. కరివేపాకు, తాజా పళ్లు, పూలు, విత్తనాల జోలికి అసలు పోకండి.

బూట్లు కూడా మట్టి లేకుండా కడుక్కుని వెళ్లండి. అక్కడ మట్టితో పాకే డైబ్యాక్ అనే వేరుకుళ్లు తెగులు అడవుల్ని తినేస్తోంది, కొన్ని పార్కుల దగ్గర బూట్లు తుడుచుకునే బ్రష్‌లు పెడతారు. ఆ బ్రష్ కనిపిస్తే వాడండి. ఈగల కోసం తలకి వేసుకునే వల ఒకటి పెట్రోల్ బంకులో కొనుక్కోండి. ఫొటోల్లో బాగోదు, కొనుక్కోండి.