చాటుగా చూసే సీరియల్‌కి సంజాయిషీ ఎందుకు?

ప్రశ్న: ఆరన్ స్పెల్లింగ్ తీసిన పాత అమెరికన్ సీరియళ్లు, ముఖ్యంగా 'డైనాస్టీ', రాత్రిళ్లు వరసపెట్టి చూస్తున్నానండీ. ఎవరైనా గదిలోకి వస్తే చటుక్కున న్యూస్ ఛానల్‌కి మార్చేస్తున్నాను. ఇలాంటివి తీసినాయన్ని గొప్ప నిర్మాత అంటారేమిటి?

జవాబు: ముందు రిమోట్ పక్కన పెట్టండి. న్యూస్ ఛానల్లో మాత్రం డ్రామా తక్కువా? స్పెల్లింగ్ 2006 జూన్‌లో 83 ఏళ్ల వయసులో పోయాడు. అప్పటికే అత్యధిక టీవీ కార్యక్రమాల నిర్మాతగా గిన్నిస్ బుక్‌లోకెక్కాడు. ఒక దశలో ఏబీసీ (అమెరికన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ) టీవీ ఛానల్ అంటే 'ఆరన్స్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ' అని జోకులేసుకునేవాళ్లు. విమర్శకులు చెత్త అంటే ఆయనేమీ ఉడుక్కోలేదు, నావి 'మైండ్ క్యాండీ' అని తనే చెప్పుకున్నాడు. కానీ ఆ మిఠాయిలో పాకం కుదరడానికి పడ్డ శ్రద్ధ చూడండి. 'డైనాస్టీ'లో 1983 నాటి కొలను సీన్ ఉంది కదా, కోటీశ్వరుడి మాజీ భార్య అలెక్సిస్, ఇప్పటి భార్య క్రిస్టల్ ఖరీదైన బట్టలతోనే నీళ్లలో పడి జుట్టూ జుట్టూ పట్టుకుంటారు, అంత రభసలోనూ ఇదంతా ఉత్తుత్తిదేలే అన్నట్టు ఇద్దరిలో ఏ ఒక్కరూ తేలిగ్గా చేయరు. నటించేవాళ్లే నవ్వేస్తే మనం ఐదు నిమిషాల్లో లేచిపోతాం. వాళ్లు నమ్మి చేశారు కాబట్టే మీకు నిద్ర లేదు.

అలాగని అన్నిటినీ వెనకేసుకురాను. 'చార్లీస్ ఏంజెల్స్' నాకు ఎప్పుడూ ఎక్కలేదు. ముగ్గురు తెలివైన డిటెక్టివ్‌లని చెప్పి, కెమెరా చూసేదంతా వాళ్ల జుట్టూ బట్టలూ.

ప్రశ్న: 'ది లవ్ బోట్'లో ప్రతి ఎపిసోడూ ఒకలాగే ఉంటుంది. అదెలా తొమ్మిదేళ్లు ఆడింది?

జవాబు: ఒకలాగే ఉంటుంది కాబట్టే! ఒక్కో ఎపిసోడ్‌లో రెండు మూడు కథలు, చాలాసార్లు ఒక్కో కథకి ఒక్కో రచయిత, అన్నిటినీ కలిపే ఓడ ఒక్కటే. ఒక జంట గొడవ బోరు కొట్టేలోపు ఇంకో జంట డెక్ మీదకి వచ్చేస్తుంది. పైగా సినిమాల్లో అవకాశాలు తగ్గిపోయిన పాతతరం తారలు, జింజర్ రోజర్స్, జీన్ కెల్లీ లాంటివాళ్లు, అతిథులుగా ఎక్కేవాళ్లు. వాళ్లని మళ్లీ చూడ్డానికే టీవీ పెట్టినవాళ్లు బోలెడుమంది ఉండి ఉంటారు. అది కథ కోసం చూసేది కాదు, ఆఫీసు నుంచి వచ్చి టెన్షన్ దింపుకోవడానికి చూసేది, ఆ పని అది చక్కగా చేసింది.

ప్రశ్న: ఆయన ఖాతాలో సీరియస్ పని ఏమీ లేదా?

జవాబు: ఉంది, ఎవరూ గుర్తుపెట్టుకోరు, అంతే. అణుబాంబు తయారీ మీద 'డే వన్' (1989), ఎయిడ్స్ తొలి రోజుల మీద 'అండ్ ద బ్యాండ్ ప్లేడ్ ఆన్' (1993) అనే టీవీ సినిమాలు, రెండిటికీ టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డులు వచ్చాయి. నన్నడిగితే వాటికంటే ఆ 'చెత్త'లో దూర్చినవే ఎక్కువ దూరం వెళ్లాయి. 1968లోనే 'ది మాడ్ స్క్వాడ్' అనే పోలీసు సీరియల్లో ఒక నల్లజాతి యువకుణ్ణి ముగ్గురు హీరోల్లో ఒకడిగా పెట్టారు. 1981లో 'డైనాస్టీ'లో కోటీశ్వరుడి కొడుకు స్వలింగ సంపర్కుడు, తండ్రి అది ఒప్పుకోలేడు. ఆ పాత్రని రచయితలు అటూ ఇటూ తిప్పి నీరుగార్చారన్నది నిజమే. అయినా నగలూ గొడవలూ చూద్దామని కూర్చున్న కుటుంబాల ముందుకి ఆ తండ్రీకొడుకుల పేచీ వచ్చింది. డాక్యుమెంటరీ తీసుంటే వాళ్లలో ఎంతమంది చూసేవాళ్లు?

ప్రశ్న: 'డైనాస్టీ' ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు: మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ నుంచి. ముసుగు వేసుకుని కోర్టులోకి ఒకావిడ వస్తుంది. ఆవిడెవరో రెండో సీజన్‌లో తెలుస్తుంది, ఆ పాత్రలో నటి జోన్ కాలిన్స్ వస్తుంది. ఆ ముందువి తర్వాత చూసుకోవచ్చు, చూడకపోయినా ఏమీ కాదు.