ప్రొడక్ట్ మేనేజర్ (పీఎం) చెప్పినట్టే గీసినా డిజైన్ మళ్లీ మొదటికి ఎందుకొస్తోంది?

పీఎం ఇచ్చిన రిక్వైర్‌మెంట్ ప్రకారమే యాప్ స్క్రీన్లు గీస్తున్నా రివ్యూలో ప్రతిసారీ మార్పులు వస్తున్నాయని అడిగారు. చాలావరకు లోపం స్క్రీన్లలో ఉండదు. మీ చేతికొచ్చిన రిక్వైర్‌మెంట్ సమస్యను చెప్పదు, ఎవరో ముందే అనేసుకున్న పరిష్కారాన్ని చెబుతుంది.

"ఆర్డర్ల పేజీలో ఫిల్టర్లు కావాలి" అన్నారనుకోండి. స్క్రీన్లు గీసే టూల్ ఫిగ్మా తెరవకముందే పీఎంతో అరగంట కూర్చుని నాలుగు సంగతులు రాసుకోండి: ఇబ్బంది ఎవరికి, ఏ పని చేస్తుండగా, అది మనకెలా తెలిసింది, సరిచేస్తే ఏ అంకె మారాలి. మూడో ప్రశ్న దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. సపోర్ట్ టికెట్లు (యూజర్లు పంపిన ఫిర్యాదులు) తిరగేస్తే, జనం వెతుకుతున్నది ఒకే ఒక్క పాత ఆర్డర్ కోసమని తేలొచ్చు. అప్పుడు కావలసింది సెర్చ్.

ఆ నాలుగు జవాబులూ రాసుకున్న అరపేజీ చదివాకే రివ్యూ మొదలుపెట్టండి. మొదటి రివ్యూకి నునుపుగా తీర్చిన స్క్రీన్లు తేవద్దు. చర్చంతా రంగుల మీదికి పోయి, ఫ్లో, అంటే యూజర్ ఒక స్క్రీన్ నుంచి మరోదానికి వెళ్లే దారి, ఎవరికీ పట్టదు. బూడిద రంగులో రెండు మూడు ముతక స్కెచ్‌లు చాలు. ఇంజనీర్ కూడా అక్కడే ఉండాలి. మీరు చూపించే డేటా, స్క్రీన్‌కి డేటా అందించే ఏపీఐలో అసలు లేదని మూడు వారాల తర్వాత తెలిస్తే పనంతా వృథా.

డిజైన్‌ని యూజర్లతో వాడించి చూసే టెస్టింగ్‌కి ఐదుగురు చాలని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఒక్కో యూజర్ దగ్గర సగటున 31 శాతం లోపాలు బయటపడతాయనుకుంటే ఐదుగురితో దాదాపు 85 శాతం దొరుకుతాయన్నది ఆ లెక్క. అయితే ఆ ఐదుగురూ ఒకే తరహా యూజర్లై ఉండాలి. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు వేరైతే ఒక్కో గుంపు నుంచి ముగ్గురు నలుగురిని విడిగా పిలవాలి. కనీసం రెండు సెషన్లలో పీఎం పక్కన కూర్చోవాలి, ఇది మాత్రం వదులుకోకండి. యూజర్ తడబడటం కళ్లారా చూస్తే కలిగే నమ్మకం రిపోర్ట్ చదివితే కలగదు. ఐదుగురిలో నలుగురికి నచ్చితే దాన్ని 80 శాతమని స్లైడ్‌లో వేయనివ్వకండి. ఇంత చిన్న గుంపు లోపాలు పట్టిస్తుంది కానీ శాతాలు చెప్పలేదు.

గడువు దగ్గరపడితే కోత తప్పదు. ఏది ముందు తీసేయొచ్చో వరుస మీరే రాసివ్వండి. లేకపోతే ముందు పోయేవి ఎర్రర్ మెసేజ్‌లు, అన్‌డూ. డెమోలో అవి కనపడవు కాబట్టి ఎవరికీ లోటు తెలియదు. ఖాళీ స్క్రీన్, లోడింగ్, నెట్ పోయినప్పటి స్థితి, 40 అక్షరాల పేరు పట్టని చోటు, ఇవన్నీ ఇంజనీర్లు ఎస్టిమేట్ వేయకముందే వాళ్లకిచ్చే పని టికెట్‌లో ఉండాలి.

ఏ క్లిక్‌ని ఏ పేరుతో ట్రాక్ చేయాలో కూడా ఇంజనీర్లకు డిజైన్ అప్పగించే హ్యాండాఫ్‌లోనే రాయండి. అది మరిచిపోతే, విడుదలయ్యాక మీరూ పీఎం కలిసి ఆ నాలుగో ప్రశ్నలోని అంకె చూద్దామన్నా డేటా ఉండదు.