లినక్స్‌లో ఎఫ్‌డిస్క్ (పార్టిషన్లు చూసే టూల్) పెడితే డిస్క్‌లో మూడు పార్టిషన్లు ఉన్నాయి, కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) ఒక్కటే చూపిస్తోంది. ఏం చేయాలి?

అన్నా, ముందు ఆ డిస్క్‌ను ఫార్మాట్ మాత్రం కొట్టకండి, డేటా ఎక్కడికీ పోలేదు. సొంతంగా కంపైల్ చేసిన కెర్నల్, 4 టీబీ డిస్క్, ఎఫ్‌డిస్క్‌లో మూడూ కనిపిస్తున్నా మౌంట్ చేయబోతే ఎస్‌డీబీ1 (ఎస్‌డీబీ అనే ఆ డిస్క్‌లో మొదటి పార్టిషన్) ఒక్కటే ఉంది, విండోస్ ఫైల్‌సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ సపోర్ట్ పెట్టినా లాభం లేదన్నారు. ఉండదు. పార్టిషన్ లోపల ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్ వేరు, ఏ పార్టిషన్ ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్ వేరు. టేబుల్ చదవడం రాని కెర్నల్ ఫైల్‌సిస్టమ్ దాకా పోనే పోదు.

హనుమకొండలో ఒక ఫొటో స్టూడియోకు సిస్టమ్స్ నేనే చూస్తాను, అక్కడి ఎడిటింగ్ మెషిన్లో అచ్చం ఇదే వచ్చింది, డిస్క్ నిండా పెళ్లి వీడియోలు, ఆయన టెన్షన్ అంతా ఇంతా కాదు. కెర్నల్‌కు కనిపించే పార్టిషన్ల లిస్ట్, అంటే ప్రోక్ ఫోల్డర్‌లోని పార్టిషన్స్ ఫైల్ చూస్తే ఎస్‌డీబీకి 3907018584 బ్లాకులు, ఎస్‌డీబీ1కి 2147483647, అంటే దాదాపు 2 టీబీ. ఆ రెండో నంబర్‌తోనే విషయం తెలిసిపోయింది. జీపీటీ (కొత్త రకం పార్టిషన్ టేబుల్) డిస్క్ మొదటి సెక్టార్‌లో ప్రొటెక్టివ్ ఎంబీఆర్ (పాత రకం టేబుల్ రూపంలో ఒక కాపలా ఎంట్రీ) ఉంటుంది, పాత టూల్స్ డిస్క్ ఖాళీగా ఉందనుకుని చెరిపేయకుండా. అందులో సైజ్‌కు 32 బిట్లే కాబట్టి 512 బైట్ల సెక్టార్లతో 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. జీపీటీ తెలియని కెర్నల్ ఆ ఎంట్రీనే పార్టిషన్ అనుకుంటుంది. ఎఫ్‌డిస్క్ మాత్రం కెర్నల్‌ను అడగదు, టేబుల్‌ను తనే చదువుకుంటుంది.

కెర్నల్ సెట్టింగ్స్ మెనూ అయిన మెనూకాన్ఫిగ్‌లో బ్లాక్ లేయర్ కింద పార్టిషన్ టైప్స్ (పాత వెర్షన్లలో ఫైల్ సిస్టమ్స్ కింద) తెరిచి 'ఈఎఫ్ఐ జీయూఐడీ పార్టిషన్ సపోర్ట్' (జీపీటీ అంటే ఇదే) ఆన్ చేయండి. మాడ్యూల్‌గా పెట్టడం కుదరదు, కెర్నల్ లోపలే ఉండాలి, అంటే మళ్లీ బిల్డ్ తప్పదు. అసలు అదే మెనూలోని 'అడ్వాన్స్‌డ్ పార్టిషన్ సెలెక్షన్' జోలికి పోకపోతే ఇప్పటి కెర్నళ్లలో ఇది దానంతటదే ఆన్‌లో ఉంటుంది. అమిగా, అటారీ లాంటి పాత కంప్యూటర్ల టేబుల్ రకాలు తీసేయండి, నష్టం లేదు, కానీ జీపీటీ, ఎంబీఆర్ రెండూ ఎప్పుడూ ఉండాలి. పాత విండోస్ డైనమిక్ డిస్కులు మీ దగ్గరికొస్తుంటే వాటిని చదివే ఎల్‌డీఎం ఆప్షన్ కూడా పెట్టుకోండి.

అర్జెంటుగా ఫైళ్లు కావాలంటే పార్ట్‌ఎక్స్ అనే కమాండ్‌తో కెర్నల్ లిస్ట్ నుంచి ఆ ఎస్‌డీబీ1ను తీసేసి (డిస్క్ మీద డేటా పోదు) పార్టిషన్లను మళ్లీ యాడ్ చేయించండి. అది జీపీటీని బయటే చదివి కెర్నల్‌కు చెబుతుంది. స్టూడియోలో ముందు ఆ వీడియోలు ఇలాగే కాపీ చేశాను, కెర్నల్ బిల్డ్ ఆ తర్వాతే చేశాను.

జీపీటీ ఆన్ చేశాక కూడా ఏమీ కనిపించకపోతే, ఆ డిస్క్‌ను ఇంతకుముందు యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డిస్క్‌ను బయట పెట్టుకునే డబ్బా) పార్టిషన్ చేశారేమో చూడండి. కొన్ని ఎన్‌క్లోజర్లు 4096 బైట్ల సెక్టార్లుగా చూపిస్తాయి, నేరుగా మదర్‌బోర్డ్ శాటా పోర్ట్‌కు పెడితే కెర్నల్ జీపీటీ హెడర్‌ను 512వ బైట్ దగ్గర వెతుకుతుంది, అది 4096 దగ్గర ఉంటుంది. అప్పుడు అదే ఎన్‌క్లోజర్‌లో పెట్టి కాపీ చేసుకోండి.