బెయిల్ వచ్చింది, జామీనుదారులు లేరు, తమ్ముడికి దగ్గు తగ్గట్లేదు

ప్రశ్న: మా తమ్ముడు బైక్ దొంగతనం కేసులో నాలుగు నెలలుగా జైల్లో ఉన్నాడు. రెండు నెలల క్రితమే బెయిల్ వచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు, ఎవరూ ముందుకు రావట్లేదు. మొన్న ములాఖత్‌కి వెళ్తే మాట్లాడినంత సేపూ దగ్గుతూనే ఉన్నాడు. మూడు వారాల నుంచి ఇంతేనట, దగ్గుమందు పోసి పంపేస్తున్నారట. వాడి బ్యారక్‌లోనే ఒకాయనకు టీబీ అని తేలిందట. వాడికీ టీబీ ఉందంటే వదిలేస్తారా? ఏమైనా అయితే నష్టపరిహారం వస్తుందా?

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అంతా టీబీ మీదే ఉంది. నాకు మాత్రం మీ ఉత్తరంలో రెండో వాక్యం దగ్గరే చూపు ఆగిపోయింది. బెయిల్ వచ్చి రెండు నెలలైంది! మీ తమ్ముడిని లోపల ఉంచుతున్నది కేసు కాదు, జామీను షరతు.

దాన్ని మార్చమని అదే కోర్టులో పిటిషన్ వేయండి. ఇద్దరికి బదులు ఒక్కరు చాలనో, సొంత పూచీకత్తు మీద వదలమనో అడగొచ్చు. పూచీకత్తు మొత్తం ఎక్కువైతే తగ్గించే అధికారం సెషన్స్ కోర్టుకు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 484వ సెక్షన్ కింద ఉంది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలనీ, నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చనీ సుప్రీంకోర్టు 2023 జనవరి 31న చెప్పింది. మీ ఆదాయం ఎంతైనా సరే, జైల్లో ఉన్నవారికి ఆ సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి. కోర్టు బయట డబ్బుకు జామీనుదారులను చూపిస్తామనే వాళ్ల జోలికి మాత్రం పోకండి. కాగితాలు నకిలీవని తేలితే బెయిల్ పోవడమే కాదు, ఇంకో కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇక దగ్గు సంగతి. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయాల్సిందే. టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది. 2022 చివర్లో మన దేశపు జైళ్లలో వంద మంది ఉండాల్సిన చోట 131 మంది ఉన్నారు. రాత్రంతా తాళం వేసిన బ్యారక్‌లో పక్కపక్కనే పడుకునేవారికి అది అంటడానికి ఎంతసేపు? ఖైదీ అనారోగ్యంగా కనిపిస్తే ఆలస్యం లేకుండా పైవాళ్లకు చెప్పాలని 1894 నాటి జైళ్ల చట్టంలోనే 37వ సెక్షన్ ఉంది.

కాబట్టి ఈ రోజే సూపరింటెండెంట్‌కు అర్జీ రాయండి. 'టీబీ ఉంది' అని రాయకండి, అది తేల్చాల్సింది డాక్టరు. దగ్గు ఎప్పటి నుంచి, సాయంత్రం జ్వరం వస్తోందా, బరువు తగ్గాడా, తెమడలో రక్తం పడుతోందా, ఇవి రాయండి. అదే బ్యారక్‌లో టీబీ కేసు ఉందని విన్నామనండి, ఆయన పేరు అక్కర్లేదు. సీబీనాట్ లేదా ట్రూనాట్ (తెమడలో టీబీ క్రిమిని పట్టే పరీక్షలు), ఎక్స్‌రే చేయించమని అడగండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి. ఆ కాపీతోనే మీ లాయర్ కోర్టులో మెమో వేసి రిపోర్టు తెప్పించమని కోరతారు. వాయిదా రోజు వీడియోలో హాజరుపరిచినా సరే, మీ తమ్ముడే మేజిస్ట్రేటుకు నేరుగా చెప్పుకోవచ్చు. చాలామంది భయపడి నోరు విప్పరు.

టీబీ అని తేలినంత మాత్రాన వదిలేయరు. జబ్బు పడ్డవారికి బెయిల్ ఇవ్వొచ్చని బీఎన్ఎస్ఎస్ 480వ సెక్షన్ అంటుంది, ఇచ్చి తీరాలని అనదు. మందులు జైల్లోనే ఇస్తున్నామని ప్రాసిక్యూషన్ వాదిస్తుంది. మీకు ఆ గొడవ అక్కర్లేదు, బెయిల్ ఎలాగూ చేతిలో ఉంది. షరతు సడలించమనే పిటిషన్‌కు మాత్రం ఆ రిపోర్టు జతచేయండి, బలం వస్తుంది.

నష్టపరిహారం అంటారా, జైలు నిర్లక్ష్యం రుజువైతే అడగొచ్చు. కోయిలకుంట్ల సబ్‌జైలుపై బాంబు దాడిలో ఖైదీ చనిపోయిన ఘటనకు సంబంధించిన చల్లా రామకృష్ణారెడ్డి కేసులో, ఖైదీ ప్రాణానికి ప్రభుత్వానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. అప్పుడు కూడా ముద్ర పడిన ఆ కాపీయే పనికొస్తుంది.

లోపల మందులు మొదలుపెడితే, విడుదల రోజు చికిత్స కార్డు, నిక్షయ్ నంబరు (టీబీ రోగికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) అడిగి తీసుకోండి. కనీసం ఆరు నెలల కోర్సు మధ్యలో ఆగకూడదు. నెలకు వెయ్యి రూపాయల పోషకాహార సాయం కూడా ఆ నంబరు మీదే వస్తుంది.